పెరూ ట్రిప్‌కి చిన్న లగ్జరీ హోటల్ ఎలా ఎంచుకోవాలి: మేం నేర్చుకున్న పద్ధతి

పోయినేడు మే నెలలో మేమిద్దరం పెరూ వెళ్ళొచ్చాం, పాతికేళ్ళ పెళ్ళిరోజుకని. అప్పట్నుంచి తెలిసినవాళ్ళల్లో ఎవరు సౌత్ అమెరికా మాటెత్తినా "హోటల్స్ లిస్ట్ పంపవా" అని అడుగుతున్నారు. లిస్ట్ పంపడం తేలికే కానీ దానివల్ల పెద్ద ఉపయోగం లేదండి, ఎందుకంటే అక్కడ ఒకే హోటల్లో ఒక రూమ్‌లో హాయిగా నిద్రపడుతుంది, పక్క రూమ్‌లో తెల్లార్లూ జాగారమే, అదే హోటల్ ట్రిప్ మొదట్లో తీసుకుంటే తల పగిలిపోతుంది, చివర్లో తీసుకుంటే అక్కణ్ణుంచి రాబుద్ధి కాదు. అందుకని ఎంచుకునే పద్ధతి మొత్తం వరసగా రాస్తున్నా. ఉదాహరణలు ఎక్కువగా రాజధాని లిమా, కొండల మీది కుస్కో, ఇంకాల పాత రాతి నగరం మచు పిచ్చు, ఈ రూట్‌వి, చివర్లో చిలీ, అర్జెంటీనా, కొలంబియా గురించి కూడా కొంచెం చెప్తాను.

1. ముందు రూములెన్నో చూడండి

ఇలాంటి చిన్న లగ్జరీ హోటళ్ళని బొటీక్ అంటారు, కానీ ఆ మాటకి అక్కడ గట్టి రూల్ ఏమీ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకే నేను పేరు వదిలేసి రూముల లెక్క చూస్తాను. కుస్కోలో మోనాస్టీరియో అని బెల్మండ్ అనే కంపెనీ వాళ్ళ హోటల్ ఉంది, పదహారో శతాబ్దం చివరి నాటి పాత సెమినరీ, అంటే చర్చి ఫాదర్లని తయారుచేసే బడి, మధ్యలో పెద్ద చెట్టున్న రాతి మండువా, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ వందకి పైగా రూములు, గ్రూపులు వస్తాయి, రిసెప్షన్లో క్యూ ఉంటుంది. అదే చౌక్‌లో ఇంకాటెర్రా లా కసోనా అని ఉంది, పదకొండే సూట్లు. రెండూ లగ్జరీనే, రెండూ ఖరీదే, కానీ రెండోదాంట్లో సాయంత్రం మీరు తిరిగొచ్చేసరికి తలుపు తీసే మనిషికి మీ పేరు తెలుసు, పొద్దున ఎక్కడికెళ్ళారో తెలుసు. మీకు కావాల్సింది ఈ రెండో రకం అయితే ఇరవై, ఇరవై ఐదు రూముల లోపు పెట్టుకోండి. స్విమ్మింగ్ పూల్, జిమ్, రాత్రి పన్నెండుకి రూమ్ సర్వీస్ లాంటివి తప్పకుండా ఉండాలి అనుకుంటే మాత్రం పెద్ద హోటలే తీసుకోండి, చిన్నవాటిల్లో అవి చాలావరకు ఉండవు, తర్వాత బాధపడి లాభం లేదు.

ఇంకోటి, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కోవాలి, కొన్ని చిన్న హోటళ్ళు పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని తీసుకోవు.

2. టికెట్, ట్రైన్, ఆ తర్వాతే హోటల్

మచు పిచ్చు ఎంట్రీ టికెట్ మీద తేదీ, టైమ్, ఏ సర్క్యూట్ (లోపల నడిచే దారి) అనేవి అన్నీ ఉంటాయి, పాస్‌పోర్ట్ నంబర్ మీద ఇస్తారు, రోజుకి ఇంతమందే అని లిమిట్ కూడా ఉంది. మే నుంచి సెప్టెంబర్ దాకా వానలుండవు కాబట్టి రద్దీ అంతా అప్పుడే, మంచి సర్క్యూట్లు చాలా ముందే అయిపోతాయి. మనవాళ్ళు ఏం చేస్తారంటే మంచి డీల్ కనపడింది కదాని క్యాన్సిలేషన్ లేని రేటుకి హోటల్ బుక్ చేసేసి, తర్వాత టికెట్ చూస్తే ఆ తేదీకి ఉండదు. అలా కాకుండా టికెట్ దొరికిన తేదీని పట్టుకుని ట్రైన్ తీసుకోండి, ట్రైన్ టైమ్‌ని పట్టుకుని హోటల్ తీసుకోండి. హోటల్ తేదీ మార్చమంటే చిన్నవాళ్ళు తరచుగా ఒప్పుకుంటారు, టికెట్ తేదీ విషయంలో ఆ వీలు ఉంటుందని నమ్ముకోకండి.

జూన్ 24న కుస్కోలో ఇంతి రాయ్మి పండగ. సూర్యుడి పండగ, చూడాల్సిందే, కానీ ఆ వారం పదకొండు రూముల హోటల్లో రూమ్ కావాలంటే ఏడాది ముందు నుంచే అడగడం మొదలుపెట్టాలి.

3. ఎత్తుల లెక్క వేసుకోండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి. లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది. కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన అరకు సుమారు 900 మీటర్లు, లేహ్ సుమారు 3,500 మీటర్లు, అంటే కుస్కోలో ఫ్లైట్ దిగడం అంటే దాదాపు లేహ్‌లో దిగినట్టే. గంటన్నర ఫ్లైట్‌లో సముద్రమట్టం నుంచి అంతెత్తుకి పోతే తలనొప్పి, వికారం, మెట్టు మెట్టుకీ ఆయాసం, రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలు. ఎన్ని డాలర్లు పెట్టిన రూమ్ అయినా ఆ మొదటి రాత్రి దాని అందం మీకేం కనపడదు.

ఇక మిగతావి చూడండి. కుస్కో దగ్గరే సేక్రెడ్ వ్యాలీ అనే లోయ ఉంది, అందులో ఉరుబాంబా, ఒయంతాయ్‌తాంబో అనే ఊళ్ళు 2,800 మీటర్ల అటూఇటూ ఉంటాయి. మచు పిచ్చు 2,430. దాని కింద ఉన్న ఊరు ఆగ్వాస్ కాలియెంతెస్ దాదాపు 2,040. కుస్కో ఒక్కటే పైన ఉంది, మిగతావన్నీ కిందే. అందుకని వరస తిరగేయాలి. కుస్కో ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే ఊళ్ళోకి పోకుండా నేరుగా కార్లో వ్యాలీకి దిగిపోండి, అక్కడ రెండు మూడు రాత్రులు, తర్వాత ట్రైన్‌లో మచు పిచ్చు, ఆఖర్న కుస్కో. చించెరో మీదుగా పోతే దారిలో రోడ్డు 3,700 మీటర్లు దాటి ఎక్కి మళ్ళీ దిగుతుంది, ఆ పైన ఫోటోలకని ఎక్కువసేపు ఆగకండి. కుస్కో వచ్చేసరికి ఒళ్ళు అలవాటు పడి ఉంటుంది, అప్పుడు మీ బడ్జెట్‌లో అన్నిటికన్నా ఖరీదైన రూమ్ కుస్కోలో తీసుకోండి, ఎందుకంటే దాన్ని అనుభవించే స్థితిలో ఉంటారు.

మేం ఒయంతాయ్‌తాంబోలో ఎల్ అల్బెర్గేలో దిగాం. చిన్నది, దాని గేటు రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీదికే ఉంటుంది, మచు పిచ్చు ట్రైన్ రోజున టాక్సీ గొడవ లేదు, బ్యాగ్ పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు. వాళ్ళకి సొంత పొలం ఉంది, ఆ ఆకుకూరలూ దుంపలే భోజనంలో పెడతారు. అక్కడ ఒక రాత్రి పడుకోబోతూ దుప్పటి ఎత్తితే లోపల కాళ్ళ దగ్గర ఏదో మెత్తగా వెచ్చగా తగిలింది, చూస్తే ఉన్ని తొడుగేసిన వేడినీళ్ళ సంచి. మేం డిన్నర్‌కి వెళ్ళినప్పుడు ఎవరో వచ్చి పెట్టి వెళ్ళారు, ఎవరూ ఏమీ చెప్పలేదు. మా ఆయన ఇప్పటికీ ఆ సంచి గురించే చెప్తారు, మచు పిచ్చు కన్నా ఎక్కువ.

ఎలాగైనా ముందు కుస్కోలోనే ఉండాల్సి వస్తే, రూమ్‌లోకి ఆక్సిజన్ పంపే హోటళ్ళు ఉన్నాయి, నేను పైన చెప్పిన మోనాస్టీరియోలో అలాంటి రూములు ఉంటాయి, దాని పక్కనే అదే కంపెనీ వాళ్ళ పాలాసియో నజరేనాస్‌లో కూడా. పెద్దవాళ్ళతో వెళ్తే ఆ డబ్బు పెట్టడం దండగ కాదు. బీపీ, గుండె సమస్యలున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా బుక్ చేయకండి, ఎత్తు పడకపోతే వేసుకునే డయామాక్స్ మాత్ర కూడా డాక్టర్ చెప్తేనే, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. హోటల్ వాళ్ళు రాగానే కోకా ఆకుల టీ ఇస్తారు, అక్కడ అది మన అల్లం టీ అంత మామూలు, తాగొచ్చు, కానీ ఆ టీ ప్యాకెట్లు గుర్తుగా ఉంటాయని సూట్‌కేస్‌లో పెట్టుకోకండి, అమెరికాలోకైనా ఇండియాలోకైనా తేవడం నేరం. ఆఫీస్‌లో డ్రగ్ టెస్ట్ ఉండేవాళ్ళు అసలు తాగకపోవడమే మంచిది.

4. బిల్డింగ్ దాకా కారు వస్తుందా?

కుస్కోలో సాన్ బ్లాస్ అని పాత పేట ఉంది. తెల్ల గోడలు, నీలం తలుపులు, రాతి సందులు, ఫోటోల్లో దానికి మించింది లేదు. ఆ సందులన్నీ ఏటవాలు, చాలావాటికి మెట్లే, టాక్సీ లోపలికి రాదు. మేం అక్కడ రెండు రాత్రులు ఒక చిన్న హోటల్ తీసుకున్నాం. టాక్సీ కిందే ఆగిపోయింది, హోటల్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఇరవై మూడు కిలోల పెట్టెలు భుజాన వేసుకుని ఎక్కేశారు, మేం ఖాళీ చేతులతో కూడా ప్రతి పది మెట్లకీ ఆగాం. రోజుకి రెండుసార్లు, భోజనానికి దిగినప్పుడల్లా అదే. మా అత్తగారిని కూడా తీసుకెళ్దాం అనుకున్నాం మొదట్లో, రాకపోవడమే నయమైంది.

అందుకని బుక్ చేసే ముందు మ్యాప్‌లో స్ట్రీట్ వ్యూ పెట్టి హోటల్ తలుపు దాకా ఒకసారి "నడిచి" చూడండి, కారు ఎక్కడ ఆగుతుందో, అక్కణ్ణుంచి ఎన్ని మెట్లో. చిలీలో వల్పరైసో కొండల మీద సెర్రో అలెగ్రే లాంటి పేటల్లో హోటల్ తీసుకున్నా ఇదే చూసుకోవాలి. లిఫ్ట్ ఉందా అనేది కూడా, పాత ఇళ్ళకి చాలావాటికి ఉండదు.

లిమాలో అయితే మిరాఫ్లోరెస్, బర్రాంకో అని రెండు పేటల మధ్య ఎంచుకోవాల్సి వస్తుంది. నా ఓటు బర్రాంకోకి. పాత మేడలు, నడవడానికి బాగుంటుంది, 1914 నాటి మేడలో హోటల్ బి అని ఉంది, గోడల నిండా పెయింటింగ్సే. కాకపోతే ఎయిర్‌పోర్ట్ నుంచి ట్రాఫిక్‌లో గంట పైనే పడుతుంది, తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే ఆ రాత్రికి ఎయిర్‌పోర్ట్ దగ్గర మామూలు హోటల్ చాలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా లిమా ఆకాశం బూడిద రంగులో ఉంటుంది, మంచు లాంటి సన్న తుంపర, వాళ్ళు గరువా అంటారు. ఆ నెలల్లో సీ వ్యూ రూమ్‌కి ఎక్స్‌ట్రా కట్టకండి.

5. హోటల్ ఖాయమయ్యాక రూమ్ ఎంచుకోండి

అక్కడి పాత ఇళ్ళు మన మండువా లోగిళ్ళ లాంటివే. మధ్యలో ఖాళీ, చుట్టూ వసారా, వసారాలోకి తలుపులు. చూడ్డానికి ఎంత బాగుంటుందో, ఆ మధ్య ఖాళీలో చప్పుడైతే చుట్టూ ఉన్న అన్ని రూముల్లోకీ వినపడుతుంది. నేను చెప్పిన సాన్ బ్లాస్ హోటల్లో మాకు మండువా పక్కనే రూమ్ ఇచ్చారు, పైన అద్దాల కప్పు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఎవరో ట్రైన్‌కి వెళ్ళేవాళ్ళకి బ్రేక్‌ఫాస్ట్ పెడుతున్నారు, కప్పులూ సాసర్లూ చెంచాలూ మా దిండు పక్కనే పెడుతున్నట్టు వినపడింది. చెప్తే రెండో రోజు పైన వెనకవైపు రూమ్‌కి మార్చారు, అదే రేటు, అదే హోటల్, కానీ అక్కడ కిటికీ తీస్తే ఊరంతా ఎర్ర పెంకుల కప్పులు, చప్పుడే లేదు. ముందే అడిగుంటే రెండు రాత్రులూ అక్కడే ఉండేవాళ్ళం.

కాబట్టి ఇవి అడగండి: రూమ్ కిటికీ బయటికి ఉందా మండువాలోకి ఉందా, డైనింగ్‌కి, వంటింటికి, రిసెప్షన్‌కి ఎంత దూరం, పైన ఎవరైనా నడిస్తే చెక్క నేల చప్పుడవుతుందా, హీటర్ రూమ్‌లో ఉందా లేక అడిగితే తెచ్చి పెడతారా. హీటర్ చిన్న విషయం అనుకోకండి, జూన్, జూలై రాత్రుల్లో కుస్కోలో సున్నా డిగ్రీల దాకా పడిపోతుంది, మట్టి ఇటుకల గోడలు పగలు చల్లగా ఉంటాయి, రాత్రి ఇంకా చల్లగా ఉంటాయి. పక్కనే చర్చి ఉంటే గంటలు, పండగ రోజుల్లో పొద్దున్నే తారాజువ్వలు, అది ఊరి అలవాటు, హోటల్ ఏం చేయలేదు, వెనకవైపు రూమ్ తీసుకోవడమే మార్గం.

రివ్యూలు చదివేటప్పుడు స్టార్లు వదిలేసి స్పానిష్ రివ్యూల్లో నాలుగు మాటలు వెతకండి: రుయిదో అంటే చప్పుడు, ఫ్రియో అంటే చలి, ఎస్కలేరాస్ అంటే మెట్లు, అగ్వా కాలియెంతే అంటే వేడినీళ్ళు. ట్రాన్స్‌లేట్ యాప్‌లో పెడితే స్పెల్లింగ్ వచ్చేస్తుంది. లోకల్ వాళ్ళు రాసిన రివ్యూల్లో ఇవి సూటిగా రాస్తారు, ఇంగ్లీష్ రివ్యూలు ఎక్కువ భాగం వ్యూ గురించే.

6. బుకింగ్ సైట్‌లో చూడండి, మాట్లాడేది మాత్రం హోటల్‌తోనే

చిన్న హోటళ్ళు చాలావరకు వాట్సాప్‌లో ఉంటాయి. సైట్‌లో రేటు చూసుకుని, తర్వాత హోటల్‌కి నేరుగా మెసేజ్ పెట్టండి, మా తేదీలు ఇవి, ఫలానా వైపు రూమ్ కావాలి, ఎయిర్‌పోర్ట్ పికప్ ఉందా, పెద్ద సూట్‌కేసులు ఉంచుకుంటారా అని. ఈ చివరిది మర్చిపోకండి, మచు పిచ్చు ట్రైన్‌లో చిన్న బ్యాగే అనుమతిస్తారు, పెద్ద పెట్టెలు వ్యాలీలోనో కుస్కోలోనో హోటల్‌కి అప్పజెప్పి పోవాలి.

వాళ్ళు జవాబు ఎలా ఇస్తారో చూడటమే నా అసలు పరీక్ష. మేం నాలుగు హోటళ్ళకి ఒకే మెసేజ్ పెట్టాం. రెండు చోట్ల నుంచి రెడీమేడ్ బ్రోషర్ వచ్చింది. ఒకాయన మాత్రం "మీకు చప్పుడు పడదంటున్నారు కాబట్టి బాల్కనీ ఉన్న రూమ్ వద్దు, అది వీధి వైపు, పై అంతస్తు మూలది తీసుకోండి, చిన్నదే కానీ పొద్దున ఎండ వస్తుంది" అని రాశాడు. తక్కువ రేటు రూమ్ తీసుకోమని తనే చెప్పాడు చూడండి, వెంటనే అదే బుక్ చేశాం.

7. తిండి

వెజిటేరియన్లు "వెజిటేరియానో" అని ఊరుకుంటే సరిపోదు, సూప్‌లో చికెన్ రసం వేసి ముక్కలు తీసేసి ఇస్తే అది వెజిటేరియనే అని అనుకునే వంటవాళ్ళు ఉన్నారు. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ కాల్దో దె పోయో" అని విడివిడిగా చెప్పండి, మాంసం, కోడి, చేప, కోడి రసం ఏవీ వద్దని. చిన్న హోటల్లో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే, పొద్దున చెప్తే రాత్రికి వంటమనిషే వచ్చి మీతో మాట్లాడుతుంది. మాకు కీన్వా, బంగాళదుంపలు, పెద్ద గింజల మొక్కజొన్న, అన్నం, ఏ రోజూ లోటు లేదు. పెరూ వాళ్ళు అన్నం బాగా తింటారు. కారం కావాలంటే "రొకోతో" అనే మిరపకాయ అడగండి, చూడ్డానికి చిన్న టమాటాలా ఉంటుంది, మన పచ్చిమిరపకాయకి ఏం తీసిపోదు. మనం చట్నీ చేసుకునే వేరుశెనగ పుట్టిల్లు కూడా ఆ ఖండమేనని అక్కడే తెలిసింది నాకు.

అర్జెంటీనా వెళ్తే డిన్నర్ రాత్రి తొమ్మిది తర్వాతే, హోటల్ కిచెన్ ఎనిమిదికి ముందు తెరవదేమో కనుక్కోండి, పిల్లలుంటే మరీను.

8. రేటు చూసేటప్పుడు ట్యాక్స్

ఇది చాలామందికి తెలియక డబ్బు పోగొట్టుకుంటున్నారు. పెరూలో 60 రోజుల లోపు ఉండే విదేశీ టూరిస్టులకి రూమ్ మీద 18 శాతం ట్యాక్స్ మినహాయింపు ఉంది, చెక్ ఇన్‌లో పాస్‌పోర్ట్, దేశంలోకి వచ్చిన ఎంట్రీ రికార్డ్ చూపించాలి. చిలీలో 19 శాతం, అక్కడ డాలర్లలో గానీ విదేశీ కార్డుతో గానీ కట్టాలి, లోకల్ పెసోల్లో కడితే పోతుంది, పైగా హోటల్ ఆ స్కీమ్‌లో రిజిస్టర్ అయి ఉండాలి, చిన్నవి కొన్ని అవ్వవు. అర్జెంటీనాలో 21 శాతం, విదేశీ కార్డుతో కడితే. కొలంబియాలో 19. ఖరీదైన హోటళ్ళు చాలావరకు ట్యాక్స్ కాకుండా 10 శాతం సర్వీస్ కూడా కలుపుతాయి. అందుకని "మేం ఫారినర్లం, అన్నీ కలుపుకుని ఫైనల్‌గా ఎంత" అని రాతపూర్వకంగా అడగండి, ఆ మెసేజ్ దాచుకోండి.

చిలీలోని అటకామా ఎడారిలో, చిలీ, అర్జెంటీనాల దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో అవాసి, ఎక్స్‌ప్లోరా లాంటి లాడ్జిల రేటు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది, కానీ వాటిల్లో భోజనాలు, గైడ్, తిరగడం అన్నీ కలిసే ఉంటాయి, అవాసిలో అయితే ఒక్కో రూమ్‌కి విడిగా గైడూ బండీ ఇస్తారు. ఒట్టి రూమ్ రేటుతో పోల్చకండి. పటగోనియాకి నవంబర్ నుంచి మార్చి లోపు వెళ్ళాలి, అక్కడి చలికాలంలో, అంటే జూన్, జూలైల్లో, చాలా లాడ్జిలు మూసేస్తారు.

ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: పెరూ, బ్రెజిల్, కొలంబియా లాంటి దేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ చూపించాలి, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి.

9. వెళ్ళడానికి మూడు రోజుల ముందు

ప్రతి హోటల్‌కీ మళ్ళీ ఒక మెసేజ్ పెట్టండి: ఏ టైమ్‌కి వస్తున్నాం, ఏ రూమ్ అనుకున్నాం, వెజిటేరియన్లం. తెల్లవారుజామున ట్రైనో, మచు పిచ్చు మొదటి బస్సో ఉంటే ముందు రాత్రే బాక్స్ బ్రేక్‌ఫాస్ట్ చెప్పండి, శాండ్‌విచ్‌లో హామ్ పెట్టొద్దని ఆ మెసేజ్‌లోనే రాయండి, ఎందుకంటే ఆ బాక్స్ కట్టేది రాత్రి డ్యూటీ అబ్బాయి, మీరు వెజిటేరియన్ అని వంటామెకి చెప్పిన సంగతి అతనికి తెలియదు.